క్రొత్త ఆకు త్రిప్పుట

(చదువవలసిన వాక్యభాగములు: లూకా 19:1-10, కొలొస్సయులకు 2:13-14)



సంవత్సరాంతపు రాత్రి కూడికలో సాక్ష్యమిచ్చు చదువుకొన్న యౌవనస్థులు కొందరు, తాము క్రొత్త ఆకు త్రిప్పుచున్నామని చెప్పుట మనము వినియున్నాము. ఇది ఇంగ్లీషువారి పలుకుబడి. చెడు నడతను మాని మంచి నడత పట్టుటయని దాని భావము. అయితే పొలమునుండి వచ్చి వెనుక చాపమీద కూర్చున్నవారికి అది ఏ చెట్టు ఆకో, దానినెందుకు త్రిప్పవలెనో తెలియదు గదా.

అది చెట్టు ఆకు కాదు. ఇంగ్లీషులో చెట్టు ఆకునకును పుస్తకములోని కాగితమునకును లీఫ్ అను ఒకే మాట చెల్లుచున్నది. మనకును ఇది వింత కాదు. మన పెద్దలు తాటియాకులమీద గంటముతో వ్రాసిరి. పత్రమనగా ఆకే, దస్తావేజును పత్రమే. ఇంగ్లాండులో 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టరునందు అచ్చుకూటము పెట్టిన తరువాత పుస్తకములు మెల్లగా జనుల చేతికి వచ్చెను. ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున, 1538లో, ప్రతి గుడిలోను ఇంగ్లీషు బైబిలు ఒకటి ఉంచవలెనని ఆజ్ఞ పుట్టెను. ఆ 16వ శతాబ్దపు వ్రాతలలోనే ఈ పలుకుబడి కనబడుచున్నది. బడిపిల్లవాడు మరకలుపడిన పుటను త్రిప్పి, తెల్లని పుటమీద మరల మొదలుపెట్టుట వంటిదన్నమాట.

బైబిలులో ఈ మాట వెదకినను దొరకదు. ప్రవక్తల కాలమున గ్రంథము చుట్టగా నుండెడిది. నజరేతు సమాజమందిరములో మన ప్రభువు విప్పి చదివినదియు చుట్టయే. చుట్టకు త్రిప్పుటకు ఆకులు లేవు.

మాట మంచిదే. త్రాగుడు మానినవానిని, భార్యను కొట్టుట మానినవానిని చూచి సంతోషింపనివాడెవడు? అయినను మన ఊరి కొట్టులోని పద్దు పుస్తకమును జ్ఞాపకము చేసికొనుడి. ఒక పుట నిండగానే షావుకారు ఆకు త్రిప్పును. క్రొత్త పుటమీద మొట్టమొదట ఏమి వ్రాయును? వెనుకటి బాకీ ఇంత అని వ్రాయును. ఆకు తిరిగినది గాని బాకీ తిరుగలేదు.

ఈ సంగతి మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి. మా సంఘములో ఒక సహోదరుడు అట్టి రాత్రి కూడికలో నిలువబడి, త్రాగుడు మానితినని కన్నీటితో చెప్పెను. మేము స్తోత్రము చెల్లించి, అతనిచేత ప్రార్థన కూడ చేయించితిమి. ఆ నెల ప్రభురాత్రి భోజనమునకు విధవరాలైన ఒక తల్లి రాలేదు. మరుసటి నెలయు రాలేదు. ఇంటికి వెళ్లి అడుగగా ఆమె, “అయ్యగారూ, ఆయన కొత్త ఆకు తిప్పుకున్నాడు, సంతోషమే. మరి నా దగ్గర తీసుకున్న డబ్బు పాత ఆకుమీదే ఉండిపోయింది గదండీ. దాన్ని ఎవరు తిప్పుతారు?” అనెను. మాకు జవాబు దొరకలేదు. అతని సాక్ష్యము వినుటకు మాకు చెవులుండెను గాని, ఆమె బాకీ అడుగుటకు నోరు లేకపోయెను.

యెరికోలో సుంకపు గుత్తదారుడైన జక్కయ్యను చూడుడి. ప్రభువు తన ఇంటికి వచ్చినప్పుడు అతడు, ఇకమీదట అన్యాయముగా తీసికొననని చెప్పి ఊరకుండలేదు. పాత పుటకే తిరిగి వెళ్లెను. సగము ఆస్తి బీదలకు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు! తప్పు ఒప్పుకొన్నవాడు తీసికొన్నదానిమీద అయిదవ వంతు కలిపి ఇచ్చిన చాలునని ధర్మశాస్త్రము (సంఖ్యాకాండము 5:7). జక్కయ్య అంతటితో ఆగలేదు. అతడు ఈ లెక్క చెప్పిన తరువాతనే, ఆ ఇంటికి రక్షణ వచ్చెనని ప్రభువు పలికెను. అతడు చెల్లించి రక్షణ కొనెనని కాదు. ప్రభువు ముందుగానే అతనిని పేరుపెట్టి పిలిచి దిగిరమ్మనెను గదా.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: దేవుడు మన ఋణపత్రమును సిలువకు మేకులతో కొట్టెనని పౌలు వ్రాయలేదా? వ్రాసెను. మన తెలుగు బైబిలులోను అచ్చట పత్రమను మాటయే యున్నది. దేవునియెదుట మనము తీర్చలేని ఆ పత్రమును ఆయన కొట్టివేసెను. త్రిప్పి ఊరకుండలేదు. అయితే పొరుగువాని కివ్వవలసిన ధాన్యమును, జరిపిన గట్టును సిలువ పేరుచెప్పి ఎగవేయుటకు ఆ వాక్యము మనకియ్యబడలేదు. అట్లు బోధించిన కాపరి ఎవడైనను, మేమైనను, ఆ తల్లికి లెక్క చెప్పవలెను.

తరువాత మేము ఆ సహోదరునితో మాటలాడితిమి. మొదట అతడు కోపపడెను. అది త్రాగిన దినములలోని మాటయనియు, ఇప్పుడు తాను వేరు మనిషిననియు చెప్పెను. వేరు మనిషివైతే తీర్చుట నీకు సులభమేనని మేమంటిమి. నూర్పులైన పిమ్మట అతడు రెండు బస్తాల వడ్లు బండిమీద వేసికొని ఆమె వాకిటికి వెళ్లెను. మేమును వెంట నడిచితిమి. ఆమె బస్తాలు దింపించుకొని, మిగిలినది ఎంతయో వ్రేళ్లమీద లెక్కించి చెప్పెను. అతడు సరేయనెను. మరుసటి ఆదివారము ఆమె గుడికి వచ్చెను. మిగిలిన బాకీ ఇంకను నడుచుచున్నది.