ఇల్లు కొనేముందు ఇల్లు చూడాలె, కాగితం చదవాలె



చీర కొనేటప్పుడు మనం ఏం చేస్తం? విప్పి చూస్తం. చినుగు ఉన్నదా అని వెలుతురుకు పెట్టి చూస్తం. కుండ కొంటే వేలితో కొట్టి చూస్తం. బర్రెను కొంటే పండ్లు చూస్తం, పాలు పిండి చూస్తం. మరి ఇల్లు? బతుకంతల ఒక్కసారి కొంటం. కాని వాకిట్ల నిలబడి చూసి వస్తం. కాగితాల సంగతి మొగోళ్లు చూసుకుంటరులే అంటం.

మన కొండగట్టు చుట్టుపక్కల ఊర్లల్ల ఇల్లు కొనే పైసలు ఎట్ల వస్తయి? ఆడోళ్లు బీడీలు చుడితే వస్తయి. మొగోళ్లు దుబాయి, మస్కట్ పోయి కష్టం చేస్తే వస్తయి. మొగడు దేశం కాని దేశంల ఉంటే ఇల్లు చూసేది ఎవరు? బయానా ఇచ్చేది ఎవరు? ఇంటి కాడ ఉన్న ఆడమనిషే. అందుకే ఈ పాఠం.

లచ్చవ్వ అనే అక్క ఒకామె ఉన్నదనుకుందాం. ఆమె మల్యాల మండలంలో ఒక పాత ఇల్లు కొనాలనుకున్నది. ఆమె వెంట మనమూ పోదాం.

1. ఇంటిని చూడాలె

గోడలు: సున్నంల వెంట్రుక లాంటి సన్న బీట ఉంటే భయం లేదు. తలుపు మూల నుంచి, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పెద్ద బీట ఉంటే పునాది కుంగిందేమో అని అనుమానపడాలె. కొత్తగా సున్నం వేసిన ఇంటిని ఇంకా జాగ్రత్తగా చూడాలె. సున్నం కింద బీటలు దాగుతయి.

నేల: నల్లరేగడి నేల వానకు ఉబ్బుతది. ఎండకు కుంచించుకపోతది, నెర్రెలు పడతది. పునాది లోతు లేకుంటే దాని మీది గోడ పగులుతది. ఆదిలాబాద్ దిక్కు రేగడి ఎక్కువ. మన దిక్కు కూడ అక్కడక్కడ ఉన్నది. కింద ఏ నేల ఉన్నదో అడగాలె.

కప్పు: పెంకుటిల్లు అయితే దూలాలు, వాసాలు చూడాలె. తాళంచెవితో కొడితే బోలు చప్పుడు వస్తే లోపల చెద తిన్నదని అనుకోవాలె. గోడ మీద సన్నగా మట్టి గీతలు పాకితే అవి చెదల బాటలు. స్లాబు ఇల్లయితే పెచ్చులు ఊడినయా, లోపలి ఇనుప సలాకలు తుప్పుపట్టి కనబడుతున్నయా చూడాలె.

నీళ్లు: గుట్ట కింది ఊర్లల్ల వాననీళ్లు వాలుకు ఉరికి వస్తయి. ఇల్లు బాట కన్న కిందికి ఉంటే నీళ్లు ఇంట్లకే వస్తయి. గోడ అడుగున సున్నం పొక్కి తెల్లగా ఉప్పు తేలితే తేమ ఉన్నట్టు. వీలైతే ఒక పెద్ద వాన పడ్డ తెల్లారి పోయి చూడాలె. బాయి, బోరు ఎండకాలం ఎండుతయా అని పక్కింటోళ్లను అడగాలె.

అమెరికాలో చాలా మంది ఇల్లు కొనేముందు, ఇల్లు పరీక్ష చేసే మనిషిని ఫీజు ఇచ్చి పిలుస్తరు. ఆయన పునాది నుంచి కప్పు దాక చూసి, ఏం బాగున్నది, ఏం చెడిపోయింది రాసి ఇస్తడు. మన ఊర్లల్ల ఆ పని సుతారి చేయగలడు, వడ్లాయన చేయగలడు. ఒక రోజు కూలి ఇచ్చి వెంట తీసుకపోవాలె. అమ్మేటోళ్లు తెచ్చిన సుతారి కాదు, మనం పిలిచిన సుతారి కావాలె.

2. కొలువాలె

మూడు అడుగుల పొడుగు, మూడు అడుగుల వెడల్పు ఉన్న జాగ ఒక గజం. అంటే 9 చదరపు అడుగులు. 121 గజాలు ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం.

లచ్చవ్వ కొనే జాగ 150 గజాలు అని చెప్పిండ్రు. గజానికి 2,000 రూపాయలు ధర కట్టిండ్రు. ఆమె టేపు పట్టి కొలిచింది. పొడుగు 36 అడుగులు, వెడల్పు 30 అడుగులు.

36 × 30 = 1,080 చదరపు అడుగులు
1,080 ÷ 9 = 120 గజాలు

30 గజాలు తక్కువ! 30 × 2,000 = 60,000 రూపాయలు. టేపు పట్టకుంటే ఆ 60,000 పోయేటియి. అవి సంపాదించాలంటే ఎన్ని దినాలు చాట ముందట కూసొని బీడీలు చుట్టాలె? లెక్క చేసి చూడండి.

కొలిచినంక నాలుగు దిక్కుల హద్దులు కాగితంతో పోల్చి చూడాలె. తూర్పున ఎవరి ఇల్లు? పడమర ఏ బాట? కాగితంల ఉన్నదీ, కండ్ల ముందట ఉన్నదీ ఒక్కటే కావాలె.

3. కాగితం చదవాలె

“అందరికీ ఎరుకే కదా అక్కా, కాగితం ఎందుకు?” అంటరు. నమ్మకం మనసుల ఉండనీ. హక్కు మాత్రం కాగితంల ఉండాలె.

రిజిస్ట్రేషన్: 100 రూపాయలు, అంతకు మించి విలువ ఉన్న ఇల్లు గాని జాగ గాని కొంటే రిజిస్ట్రేషన్ చేయించాలె. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఉన్నది. తెల్లకాగితం మీద రాసుకున్నదాన్ని సాదా బైనామా అంటం. ఒక్క దాన్ని పట్టుకొని ఇల్లు మనదైందని అనుకోవద్దు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు కూడ హక్కు కాగితాలు కావు. అవి పైసలు కట్టినట్టు చూపెడతయి, అంతే.

అసలు కాగితం: జిరాక్సు చూపెడితే ఆగాలె. “అసలుది ఏడున్నది?” అని అడగాలె. అసలుది బ్యాంకుల కుదువ ఉండవచ్చు. అమ్మేటాయన ఎవరి దగ్గర కొన్నడు? ఆయనకు అమ్మినోళ్లు ఎవరి దగ్గర కొన్నరు? ఆ పాత కాగితాలు గొలుసు లెక్క ఒకదానికొకటి కలవాలె.

పాత కాగితం మీద “కరీంనగర్ జిల్లా” అని ఉంటే బెదరవద్దు. మన జగిత్యాల జిల్లా 2016లో ఏర్పడ్డది. 1985లో మండలాలు వచ్చినయి. అంతకన్న పాతదైతే “తాలూకా” అని ఉంటది.

ఈసీ: ఆ ఇంటి మీద రిజిస్టరు అయిన అమ్మకాలు, కుదువలు ఏమేం జరిగినయో చెప్పే కాగితాన్ని ఈసీ అంటరు. మీ సేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30 ఏండ్లకు తీసుకుంటే మంచిది. ఒకటి మరువద్దు: రిజిస్టరు కాని బేరాలు, చేబదులు అప్పులు ఈసీల కనబడవు. అందుకే పక్కింటోళ్లను, పంచాయతీల కూడ అడగాలె.

జాగ ఎట్లాంటిది: సర్కారు బీదోళ్లకు పంచి ఇచ్చిన లావణి పట్టా భూమిని అమ్మరాదు, కొనరాదు అని 1977ల చట్టం వచ్చింది. ఆ భూమిల కట్టిన ఇల్లు కొంటే పైసలు మునుగుతయి. ఉట్నూరు, జైనూరు లాంటి ఏజెన్సీ ఊర్లల్ల ఇల్లయినా, జాగయినా గిరిజనులు కానోళ్లు కొనరాదు. ఆ చట్టాన్ని ఒకటి బై డెబ్బై అంటరు. 1970ల వచ్చింది.

వాటాదారులు: ఇది అన్నిటికన్న ముఖ్యం. లచ్చవ్వ కొనే ఇల్లు తాతల నాటిది. ముగ్గురు అన్నదమ్ములు సంతకం పెడతమన్నరు. లచ్చవ్వ అడిగింది: “మీకు అక్కచెల్లెండ్లు లేరా?”

“ఒక చెల్లె ఉన్నది. పెండ్లి చేసి పంపినం. ఆమె సంతకం ఎందుకు?”

ఎందుకంటే ఆమెకూ వాటా ఉన్నది. పెండ్లి కాని ఆడపిల్లకు తాతల ఆస్తిల కొడుకుతో సమానంగ వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంల 1986లనే వచ్చింది. 2005లో హిందూ వారసత్వ చట్టం మారింది. పెండ్లి అయినా, కాకున్నా బిడ్డకు కొడుకుతో సమాన హక్కు దేశమంతట వచ్చింది. ముస్లింల చట్టంల కూడ బిడ్డకు వాటా ఉన్నది. చెల్లె సంతకం లేకుండ కొంటే రేపు ఆమె కోర్టుకు పోవచ్చు. అది ఆమె న్యాయం.

ఇంటికి వచ్చినంక లచ్చవ్వకు ఒక మాట యాదికొచ్చింది. తన తల్లిగారి ఇల్లు అమ్మిన దినం తనను ఎవ్వరూ అడగలేదు. పసుపు కుంకుమ పెట్టి, చీర ఇచ్చి పంపిండ్రు. మరి తన సంతకం ఏమైంది? ఈ ప్రశ్న మనమందరం అడుక్కోవలసినదే.

4. బయానా ఇచ్చేటప్పుడు

చూసుడు, కొలుసుడు, చదువుడు అయినంకనే బయానా ఇవ్వాలె. బయానా కాగితంల ఇవి ఉండాలె: మొత్తం ధర, ఇచ్చిన పైసలు అంకెల్లో, అక్షరాల్లో, మిగిలినవి ఇచ్చే గడువు తేదీ, వాటాదారులందరి సంతకాలు, సాక్షుల సంతకాలు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఫోటో తీస్తరు, వేలిముద్రలు తీస్తరు. సంతకం వచ్చినా వేలిముద్ర పెట్టుమంటరు. చిన్నతనం అనుకోవద్దు. చదువుకున్నోళ్లకు కూడ అదే చట్టం. ఇల్లు మీ పేరున గాని, ఇద్దరి పేరున గాని చేయించుకోండి. మీ కష్టం ఉన్నకాడ మీ పేరు ఉండాలె.

మనం అంజన్నకు మొక్కుకుంటం. మంచి దినం చూసుకుంటం. మంచిదే. దానితోపాటు కాగితం కూడ ఒకసారి మొదటి నుంచి చివరి దాక చదవాలె. అర్థం కాని మాట ఉంటే సంతకం ఆపి అడగాలె.

చదవండి, చెప్పండి

1. కొత్తగా సున్నం వేసిన ఇంటిని ఎందుకు జాగ్రత్తగా చూడాలె?
2. ఇంటి పన్ను రసీదు హక్కు కాగితమా?
3. ఈసీల ఏమేం కనబడవు?
4. తాతల నాటి ఇల్లు అమ్మితే ఎవరెవరి సంతకాలు కావాలె?

లెక్క చేయండి

ఒక జాగ పొడుగు 45 అడుగులు. వెడల్పు 20 అడుగులు. అది ఎన్ని గజాలు? కాగితంల 110 గజాలు అని ఉంటే ఎన్ని గజాలు తక్కువ?

చేయండి

మీరు ఉన్న ఇంటి కాగితం తీయండి. అది ఎవరి పేరున ఉన్నది? నాలుగు హద్దులు ఏమి రాసి ఉన్నయి? మీ నోటుబుక్కుల రాసుకొని, రేపు కేంద్రంల అందరికీ చదివి వినిపించండి.