అప్పు తీరింది, దస్తావేజులు ఎక్కడ?

ప్రశ్న: ఇంటి రుణం పూర్తిగా కట్టి మూడు నెలలైంది. దస్తావేజులు హెడ్డాఫీసు నుంచి రావాలంటూ బ్యాంకువాళ్లు తిప్పుతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: బతిమాలాల్సిన పని లేదమ్మా, అది మీ హక్కు. రుణం తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆలస్యం బ్యాంకువల్లే అయితే రోజుకు రూ.5,000 మీకు చెల్లించాలి. కాగితాలు పోగొడితే మరో 30 రోజుల గడువుంటుంది, నకళ్ల ఖర్చు మాత్రం వాళ్లదే.

నోటిమాటలు కట్టిపెట్టండి. నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేసి, పరిహారం కోరుతూ రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి, నకలుపై బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా తీయించండి. తనఖా ఇంకా కనిపిస్తుంటే రద్దు చేయించమనండి. చాలామంది ఇది మరిచిపోయి, ఇల్లు అమ్మేటప్పుడు అవస్థపడుతున్నారు.

నెలలోగా జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి, రుసుము లేదు. దస్తావేజులు పోయాయని బ్యాంకు చెబితే మాత్రం వెంటనే న్యాయవాదిని కలవండి.