ఇంటియందు చేసికొనదగిన పనిబల్ల: అరలు, సొరుగులతో

సేద్యపు పనులలో కొన్ని పొలమునందును, కొన్ని ఇంటియందును జరుగుచుండును. పొలముపనికి నాగలి, గుంటక, పార మొదలగు సాధనములు కలవు. ఇంటిపనికి మాత్రము నేలయే బల్ల, గోడగూడే పెట్టె. చిన్న మంగళారము మొదలుకొని మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతపు గ్రామములలో చేమంతి, బంతి, గులాబి పూవులును, టమాట, క్యారెట్ మొదలగు కూరగాయలును విరివిగా పండింపబడుచున్నవి. హైదరాబాదులోని గుడిమల్కాపూరు మార్కెట్టునకు పూవులు పంపుటకు ముందు వానిని ఏరవలెను, కాడలు కత్తిరింపవలెను, కట్టలు కట్టవలెను. ఈ పనిని పెక్కిండ్లలో స్త్రీలే నేలపై గొంతుకూర్చుండి, నడుము వంచి, గంటలకొలది చేయుచున్నారు. నడుమునొప్పికి వైద్యునికిచ్చు సొమ్మును ఎవ్వరును సేద్యపు ఖర్చుక్రింద వ్రాసికొనరు. అయినను అది సేద్యపు ఖర్చే. కావున నిలుచుండి పనిచేయుటకు తగిన యొక బల్లను, వస్తువులు దాచుకొను అరలతోను సొరుగులతోను ఎట్లు చేసికొనవలెనో ఈ మాసము వివరించుచున్నాము.

ఎత్తు నిర్ణయించుట

బల్ల యెత్తును వడ్రంగి నిర్ణయింపరాదు, యజమానియు నిర్ణయింపరాదు. దానిపై నెవరు పనిచేయుదురో వారి మోచేయి నిర్ణయింపవలెను. వారిని తిన్నగా నిలువబెట్టి, మోచేయి మడిపించి, నేలనుండి మోచేతివఱకు కొలిచి, అందులో మూడు అంగుళములు తీసివేయవలెను. అయిదడుగుల యెత్తు గల స్త్రీకి మోచేయి సుమారు 37 అంగుళముల యెత్తున నుండును. ఆమెకు 34 అంగుళముల బల్ల సరిపోవును. ఈ క్రింది లెక్కలన్నియు ఆ యెత్తునకు వ్రాసినవి.

కఱ్ఱ యెన్నిక

టేకు శ్రేష్ఠమే గాని ప్రియము. పాత ఇండ్లు విప్పినపుడు దొరకు తలుపులు, దూలములు చక్కగా ఆరిన కఱ్ఱ. చౌకగా దొరకిన వానినే కొనుడు. కోయించుటకు ముందు మేకులన్నియు ఊడదీయవలెను. లేనిచో రంపము చెడును. కాళ్లకు తుమ్మచేవ గట్టిది. పలకలకు వేపచేవ మంచిది; చెదలు దానిని త్వరగా అంటదు. కాని బెరడును అంటియున్న తెల్లచెక్కను ఏ చెట్టుదైనను తీసివేయవలెను. పురుగు మొదట పట్టునది దానినే. సొరుగుల ప్రక్కలకు బాగుగా ఆరిన మామిడి చాలును. చేవెళ్ల దారి కిరువైపుల నున్న మఱ్ఱిచెట్లవంటివి నీడకు గొప్పవి గాని, మఱ్ఱికఱ్ఱ బల్లపనికి పనికిరాదు.

సొంత చెట్టును కొట్టదలచినవారు, 2002 సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి కావలెనేమో ముందుగ విచారించుకొనవలెను. పచ్చికఱ్ఱతో పని సాగింపరాదు. అంగుళము మందపు పలకలను నీడలో, నడుమ నడుమ సన్నని బద్దలు పెట్టి, గాలి యాడునట్లు పేర్చి ఇంచుమించు ఒక సంవత్సరము ఆరనీయవలెను.

కొలతలు

పైబల్ల: పొడవు 48, వెడల్పు 24, మందము 1 అంగుళము. ఎనిమిదంగుళముల వెడల్పు గల పలకలు మూడు.
కాళ్లు నాలుగు: ఒక్కొక్కటి 33 అంగుళముల పొడవు, రెండున్నర అంగుళముల చదరము.
చట్రము: వెలుపలి కొలత 44 అంగుళముల పొడవు, 20 అంగుళముల వెడల్పు. పై పట్టెలును క్రింది పట్టెలును 3 అంగుళముల వెడల్పు, 1 అంగుళము మందము.

క్రింది పట్టెల అడుగు నేలకు 4 అంగుళముల పైన నుండవలెను. పైబల్ల నలువైపుల 2 అంగుళములు ముందునకు వచ్చును గనుక, నిలుచున్నవారి కాలివ్రేళ్లకు చోటు దొరకును. కాళ్ల నడుమనున్న 39 అంగుళములలో ఒక అంగుళము అడ్డుపలకకు పోగా, ఎడమవైపు సొరుగులకు 15, కుడివైపు అరలకు 23 అంగుళములు మిగులును.

రెండు పట్టెల నడుమ ఎత్తు 23 అంగుళములు. సొరుగుల నడుమ అంగుళపు బద్దలు రెండు వేసినచో 21 మిగులును. దానిని పైనుండి 5, 7, 9 అంగుళముల మూడు సొరుగులుగా పంచవలెను. అరలవైపు ఒక పలక వేసి, పైన 9, క్రింద 13 అంగుళములు ఉంచవలెను.

కూర్పు

పట్టెల కొనలకు అంగుళము పొడవు గల కుసులు తీసి, కాళ్లలోని బెజ్జములలో బిగింపవలెను. కుసి మందము పట్టె మందములో మూడవ వంతు. బంక పూసి బిగించిన వెంటనే ఎదురుమూలలను త్రాటితో కొలువవలెను. రెండు కొలతలును సమానమైననే చట్రము సరిగా నున్నట్లు. ఇచ్చట అశ్రద్ధ చేసినచో తరువాత ఒక్క సొరుగును సాఫీగా నడువదు.

కఱ్ఱ వానకాలమున అడ్డముగా ఉబ్బును, ఎండకాలమున ముడుచుకొనును. పొడవున మాత్రము మార్పు మిక్కిలి స్వల్పము. అందుచేత పైబల్లను మేకులతో దిగగొట్టరాదు. పట్టెలలో కొంచెము వెడల్పైన బెజ్జములు తీసి, క్రిందినుండి మరమేకులు బిగింపవలెను. సొరుగు అడుగుపలకను గాడిలో దూర్చి విడువవలెనే గాని బంకతో అతుకరాదు. సొరుగు వెడల్పు 15 అంగుళములకు పావు అంగుళము తక్కువ, లోతు 17 అంగుళములు. సొరుగు నడుచు పట్టీలకు మైనము రుద్దవలెను.

తుదకు అవిసెనూనెను గుడ్డతో పలుచగా పూసి ఆరనీయవలెను. ఆ నూనెగుడ్డను ముద్దగా చుట్టి మూల పడవేయరాదు; అది తనంతట తానే వేడెక్కి అంటుకొనగలదు. దానిని పరచి ఆరవేయవలెను, లేదా నీటిలో తడుపవలెను. బల్లకాళ్ల క్రింద తాండూరు బండముక్కలు ఉంచినచో తడి నేలనుండి ఎక్కదు.

వాడుక

పై సొరుగులో లెక్కపుస్తకము, రసీదులు, సంఘపు పాసుపుస్తకము. నడిమి సొరుగులో విత్తనములు. క్రింది సొరుగులో కత్తెరలు, పురికొస. అరలలో త్రాసు, జల్లెడ, గంపలు. విత్తనములను సొరుగులో విడిగా పోయరాదు. బాగుగా ఆరబెట్టి, బిగువైన మూతగల డబ్బాలో ఉంచవలెను. విత్తనములోని తేమ నూటికి ఒక పాలు తగ్గినచో దాని యాయువు ఇంచుమించు రెట్టింపగునని హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రము. అది తేమ 5 మొదలు 14 పాళ్లవఱకు వర్తించును.

ఇన్ని వస్తువులకు చోటిచ్చిన ఈ బల్లలో ఒక్కదానికి మాత్రము చోటు లేదు: అది పురుగుమందు. ఎఱుపు, పసుపు, నీలి, ఆకుపచ్చ త్రికోణములలో ఏ గుర్తున్న సీసానైనను ఇందు ఉంచరాదు. ఎఱుపు మిక్కిలి తీవ్రమైన విషమును తెలుపును. ఆకుపచ్చ గలదియు త్రాగదగినది కాదు. సొరుగును పిల్లలు తెఱతురు. పూవులను తాకిన చేతులే అన్నము వడ్డించును. మందులకు ఇంటికి దూరముగ, తాళము గల వేఱు పెట్టె కావలెను. వానిని ఈ బల్లపై కలుపనుగూడదు.

సంఘ సభ్యులకు

ఒక్కరు ఒక బల్లకు కఱ్ఱ కొనుటకంటె, అయిదుగురు సభ్యులు కలసి ఒకే కొలతకు కోయించుకొనిన కోతకూలియు, వ్యర్థమగు ముక్కలును తగ్గును. ఎవరి మోచేయి కొలత వారిదే గనుక కాళ్ల పొడవు మాత్రము వేఱువేఱుగా కోయించుకొనవలెను. పంటకు పెట్టుబడి పెట్టునట్టి రైతు, ఆ పంటను ఏరు చేతులకును నడుమునకును ఈ కొద్ది పెట్టుబడి పెట్టుట న్యాయము. రాబోవు చేమంతికోత నాటికి ప్రతి సభ్యుని యింట అట్టి బల్ల యొకటి నిలుచుగాక యని కోరుచున్నాము.