ట్రైలర్ తగిలించే ముందు

చి॥ సౌ॥ శ్రావణికి,

ట్రైలర్ ఫోటోలు చూశాం. అత్తయ్యకి లోపలి వంటగట్టు తెగ నచ్చింది. జూన్‌లో అక్కా బావా రాజమండ్రి నుంచి దిగగానే అందరూ కలిసి కొలరాడో బయల్దేరతామన్నావు. బయల్దేరండి. ఇన్నేళ్ళూ ఇల్లు వదిలి కదలని మనిషి మా అక్క, కొండలు చూపించాల్సిందే. కానీ నీ మెసేజ్‌లో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "హైలాండర్ 5,000 పౌండ్లు లాగుతుంది, మా ట్రైలర్ 3,400 మాత్రమే, బోలెడు మార్జిన్ ఉందని డీలర్ చెప్పాడు" అని రాశావు. ఫోన్లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నువ్వూ అల్లుడూ కూడా కూర్చుని చదవండి.

ఆ 3,400 ఖాళీ డబ్బా బరువు. అందులో నీళ్ళు లేవు, గ్యాస్ సిలిండర్లు లేవు, పరుపుల మీద దుప్పట్లు లేవు, నీ ప్రెషర్ కుక్కరు లేదు. గ్యాలను నీళ్ళు ఎనిమిది పౌండ్ల పైమాటే. ముప్పై గ్యాలన్ల ట్యాంకు నింపితే 250 పౌండ్లు అక్కడే చేరాయి. నీ ట్రైలర్ పక్కన అంటించిన లేబుల్లో గరిష్ఠ బరువు 4,400 అని ఉంది. ప్రయాణం రోజున అది ఎంత తక్కువన్నా 4,200 తూగుతుందని పెట్టుకో.

ఇక ఆ 5,000 సంగతి. అది కంపెనీ అబద్ధం కాదు. కానీ ఆ అంకె కట్టేటప్పుడు బండిలో డ్రైవరూ, పక్కన ఇంకొకరూ, తలా 150 పౌండ్లు, అంతే ఉంటారని అనుకుంటారు. మీరు ఆరుగురు. అందుకని బ్రోషర్ పక్కన పెట్టి, డ్రైవర్ తలుపు తీసి, తలుపు మూసుకునే స్తంభం మీద అంటించిన టైర్ల స్టిక్కర్ చూడు. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించరాదని అందులో ఒక అంకె ఉంటుంది. నువ్వు పంపిన ఫోటోని పెద్దది చేసి చూశాను, నీ బండికి అది 1,400 పౌండ్లు. నీకు అసలు హద్దు ఇదే. ట్రైలర్ ముందు కొక్కెం నీ బండి మీద మోపే బరువు, దాన్ని టంగ్ వెయిట్ అంటారు, అదీ ఇందులోంచే పోవాలి.

లెక్క వేద్దాం. నలుగురు పెద్దవాళ్ళు సుమారు 620. ఇద్దరు పిల్లలు, వాళ్ళ కార్ సీట్లతో 110. టంగ్ వెయిట్ 460. ట్రైలర్‌ని తగిలించే హిచ్ సామాను 60. మొత్తం 1,250. మిగిలింది 150 పౌండ్లు. అందులోనే ఐస్ పెట్టె, స్ట్రోలర్, అందరి బ్యాగులు, అక్క దారిలో తినడానికి కట్టే పులిహోర గిన్నెతో సహా సర్దుకోవాలి. డీలర్ చెప్పిన బోలెడు మార్జిన్ ఎక్కడుందో చూశావుగా? వెళ్ళొద్దని ఈ లెక్క చెప్పడం లేదు. బరువైనవి ఏవి, అవి ఎక్కడ పెట్టాలి అన్నది ముందే తేల్చుకోమంటోంది.

ఎక్కడ పెట్టాలి అన్నదే అన్నిటికన్నా పెద్ద విషయం. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు టంగ్ మీద ఉండాలి. ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడకి పలుపు బిగుసుకుంటుంది. మరీ ముందుకి వేస్తే మెడ మీద మోపై అవి నడవలేవు. మీ తాతయ్యకి ఇది చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఇక్కడా అంతే. టంగ్ మీద బరువు తక్కువైతే ట్రైలర్ వెనక భాగం ఊగడం మొదలుపెడుతుంది, ఎక్కువైతే నీ బండి వెనక చక్రాల మీద కూర్చుని ముందు చక్రాలు తేలికై స్టీరింగూ బ్రేకూ పట్టు తప్పుతాయి. 4,200లో పదో వంతు 420. నీ బండికి టంగ్ హద్దు 500. అంటే నీకున్న సందు ఆ ఎనభై పౌండ్లే. బరువైన సామాను ట్రైలర్ ఇరుసు మీదా, కాస్త ముందుకీ, నేలకి దగ్గరగా పెట్టు. వెనక బంపర్ మీద సైకిళ్ళ స్టాండు బిగిద్దామని అల్లుడు అన్నాడట. వద్దను. ఇరుసుకి అంత వెనక వేలాడే వంద పౌండ్లు టంగ్ మీద బరువుని చాలా తేలిక చేస్తాయి. నీళ్ళ ట్యాంకు ఇరుసుకి ముందుందో వెనకుందో కూడా కనుక్కో. వెనకుంటే దాన్ని నింపిన రోజూ ఖాళీగా ఉన్న రోజూ నీ ట్రైలర్ రెండు రకాలుగా నడుస్తుంది.

ఇవన్నీ ఊహించి లాభం లేదు, తూయించాలి. హైవే పక్కన లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని బోర్డు ఉంటుంది. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద వచ్చేలా నిలబెడితే మూడు అంకెలతో చీటీ ఇస్తారు. తర్వాత ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, అవే మనుషులతో అదే సామానుతో బండి ఒక్కటే తూయించు. తగిలించినప్పుడు బండి రెండు ఇరుసుల మీదా పడిన బరువులోంచి దీన్ని తీసేస్తే వచ్చేదే నీ టంగ్ వెయిట్. పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇప్పుడు తగిలించడం. బండి వెనక గుండుని బాల్ అంటారు, దాని మీద కూర్చునే ట్రైలర్ కొక్కేన్ని కప్లర్ అంటారు. బాల్ సైజు బాల్ నెత్తి మీదే చెక్కి ఉంటుంది, కప్లర్ సైజు కప్లర్ మీద ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. రెండంగుళాల బాల్ మీద రెండూ అయిదు పదహారో వంతుల కప్లర్ చక్కగా కూర్చుంటుంది, గొళ్ళెం కూడా పడుతుంది. మొదటి గతుకు వచ్చేదాకా అంతా బాగానే ఉంటుంది, గతుకులో లేచి ఊడిపోతుంది. బాల్ మీదా, అది బిగించిన ఊచ మీదా, బండి కింద రిసీవర్ మీదా వేర్వేరు బరువు హద్దులు రాసి ఉంటాయి. అన్నిట్లోకీ తక్కువ అంకె ఏదో అదే నీది. బరువుని ముందు చక్రాలకి పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొనమని అందరూ చెబుతారు. మంచిదే, కానీ కొన్ని బండ్లకి అది వద్దని మాన్యువల్లోనే ఉంటుంది. ముందు చదివి, తర్వాత కొను. అది పెట్టినంత మాత్రాన స్టిక్కర్ మీద అంకె పెరగదు.

కప్లర్‌ని బాల్ మీదకి దించి, గొళ్ళెం వేసి, దానికి పిన్ను పెట్టాక పని అయిపోయిందనుకోకు. మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి చూడు. కప్లర్ లోపలి నాలుక బాల్ కిందకి వచ్చి పట్టుకుందా? తర్వాత టంగ్ జాక్‌ని మళ్ళీ పైకి తిప్పు. రెండంగుళాలు నీ బండి వెనక భాగం కూడా ట్రైలర్‌తో పాటు లేవాలి. బాల్‌ని వదిలి కప్లర్ ఒక్కటే లేచిందా, పట్టలేదన్న మాట. ఈ పరీక్షకి అర నిమిషం పడుతుంది. దీన్ని ఎప్పుడూ వదలొద్దు.

సేఫ్టీ చెయిన్లు రెండూ టంగ్ కింద అడ్డంగా, ఒకదాన్ని ఒకటి దాటేలా తగిలించు. కప్లర్ ఊడితే టంగ్ రోడ్డులో గుచ్చుకోకుండా ఆ ఊయలలో పడుతుంది. మలుపు తిరిగేంత వదులుండాలి, నేలకి ఆనకూడదు. ఈడ్చుకుపోయే చెయిన్ల నిప్పురవ్వలకి రోడ్డు పక్క ఎండుగడ్డి అంటుకుంటుంది, టెక్సాస్ వేసవి సంగతి నీకు తెలుసు. ఇంకో సన్నటి తీగ ఉంటుంది, బ్రేక్‌అవే కేబుల్. ట్రైలర్ పూర్తిగా విడిపోతే అది పిన్నుని లాగి ట్రైలర్ బ్రేకులు తనంత తాను వేస్తుంది. దాన్ని చెయిన్లకో బాల్ ఊచకో కట్టకు, అవే ఊడితే అదీ వాటితోనే పోతుంది. బండికే విడిగా తగిలించు. నెలకోసారి పిన్ను లాగి, బండిని మెల్లగా ముందుకి పోనిచ్చి, ట్రైలర్ చక్రాలు పట్టుకుంటున్నాయో లేదో చూసి, వెంటనే పిన్ను పెట్టెయ్. అలాగే వదిలేస్తే బ్యాటరీ అయిపోతుంది.

ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో చూసింది చెబుతాను. ఒక పెద్దాయన ట్రైలర్ తగిలిస్తున్నాడు, బాగా చేయి తిరిగిన మనిషి. గొళ్ళెం వేసే సమయానికి పక్క సైటు వాళ్ళు పలకరించారు. కబుర్లు అయ్యాక నేరుగా చెయిన్ల దగ్గరికి వెళ్ళాడు. గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద కప్లర్ టప్పున లేచింది. చెయిన్లు అడ్డంగా వేసి ఉన్నాయి కాబట్టి టంగ్ వాటిలో పడి ఆగింది. అది గేటు కాబట్టి, గంటకి అయిదు మైళ్ళు కాబట్టి సరిపోయింది. అందుకే మీ ఇద్దరిలో తగిలించేది ఒక్కరే అని పెట్టుకోండి. ఆ పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడించకూడదు. ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటి నుంచి. రెండోవాళ్ళు చివర్లో వచ్చి అన్నీ తమ చేత్తో తాకి చూడాలి. దారిలో ఆగిన ప్రతిసారీ ఒక చుట్టు తిరిగి అవే మళ్ళీ చూడు.

టైర్ల మీద ఎస్టీ అని ఉంటుంది, అవి ట్రైలర్ టైర్లు. వేరే స్పీడు రాసి ఉంటే తప్ప గంటకి 65 మైళ్ళ కోసం చేసినవని అనుకోవాలి. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడు. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారీ. మీది సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కదా, ఆరేళ్ళ దగ్గరికి వచ్చి ఉంటే పళ్ళు ఎంత కొత్తగా కనిపించినా మార్పించెయ్. ఎండలో నిలబడే టైరు అరగక ముందే లోపల పాడైపోతుంది. గాలి చల్లగా ఉన్నప్పుడు లేబుల్లో చెప్పినంతా ఉండాలి. చక్రం నట్లు మొదటి యాభై మైళ్ళకి ఒకసారి ఆగి టార్క్ రెంచితో బిగించు.

బ్రేకుల విషయంలో టెక్సాస్ చట్టం ఉదారంగా ఉంటుంది, 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కే అడుగుతుంది. నువ్వు చట్టాన్ని చూసుకోకు. నీ ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయి, కానీ బండిలో బ్రేక్ కంట్రోలర్ లేకపోతే అవి ఉన్నా లేనట్టే. వేయించు. ఖాళీ రోడ్డు మీద పాతిక మైళ్ళ వేగంలో కంట్రోలర్ మీట ఒక్కటే నొక్కి చూడు. ట్రైలర్ నిన్ను వెనక్కి గట్టిగా పట్టి లాగాలి, కానీ దాని చక్రాలు బిగుసుకుని జారకూడదు. అలా కుదిరేదాకా తిప్పుకో.

మీ దారి నాకు తెలుసు. 287 మీద విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ దాటి అమరిల్లో, అక్కణ్ణించి డ్యూమస్, డాల్హార్ట్, క్లేటన్ మీదుగా రటోన్. అమరిల్లో చుట్టూ అడ్డంకి అన్నది లేదు, గాలి పక్క నుంచి కొడుతూనే ఉంటుంది. పెద్ద లారీ దాటేటప్పుడు ముందు నిన్ను పక్కకి తోస్తుంది, ఆ వెంటనే తనవైపు లాగుతుంది. ట్రైలర్ ఊగడం మొదలైందంటే చేయాల్సింది చాలా తక్కువ, కానీ మనసు దానికి సరిగ్గా ఎదురు చెబుతుంది. నీ బండి బ్రేకు తొక్కకు. వేగం పెంచితే సర్దుకుంటుందన్న మాట నమ్మకు. ఊగే దిక్కుకి ఎదురుగా స్టీరింగు తిప్పకు. స్టీరింగు నేరుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసేసి, కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వెయ్యి. సర్దుకున్నాక అక్కడితో వదిలేసి పోకు, ఆగి సామాను చూడు. ఒక వేగం దాకా ట్రైలర్ తన ఊపుని తానే చంపుకుంటుంది. ఆ వేగం దాటితే ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. ఆ గీత ఎక్కడుందో దారి చెప్పదు. 60 దాటకు. వెనక కార్లు విసుక్కుంటే కుడి లేన్‌లో ఉండు, దాటిపోతారు.

రటోన్ పాస్ 7,800 అడుగుల పైనే. నీ బండి టర్బో కాదు, వి6. ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు మూడు శాతం బలం తగ్గుతుంది. ఎక్కేటప్పుడు నలభైకి పడిపోయినా కంగారు పడొద్దు. దిగేటప్పుడే జాగ్రత్త. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, దిగడం మొదలుపెట్టకముందే మార్చుకో. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచకు. గట్టిగా తొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలెయ్, చల్లారనీ.

ఇంకొకటి, ఇది అక్కకి నువ్వే చెప్పాలి. నడుం నొప్పిగా ఉంది, కాసేపు వెనక ట్రైలర్లో పడుకుంటానని అడుగుతుంది. లోపల మంచాలు కనిపిస్తుంటే ఎవరికైనా అనిపిస్తుంది. ఎంత బతిమాలినా ఒప్పుకోకు. అక్కడ సీటు బెల్టు లేదు, కేక వేస్తే నీకు వినపడదు, టెక్సాస్‌లో చట్టమూ ఒప్పదు. రెండు గంటలకోసారి ఆపి నడిపించు. అమరిల్లోలో రాత్రి పడుకోండి, ఒక్క రోజులో కొట్టేయాలని చూడకండి.

వెనక్కి తీయడం మాటల్లో రాదు. ఒక్క కిటుకు మాత్రం చెబుతాను. చెయ్యి స్టీరింగు అడుగున పెట్టుకో. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. తప్పిందనిపిస్తే తిప్పి తిప్పి దిద్దకు, ముందుకి లాగి మళ్ళీ మొదలుపెట్టు. సైగలు చేసే అల్లుడు నీకు కనిపించకపోతే ఎక్కడున్నాడో తెలియదు, కాబట్టి అద్దంలో అతను కనపడనప్పుడల్లా ఆగిపో.

వచ్చే శనివారం నేనూ అత్తయ్యా ఫ్రిస్కో వస్తున్నాం. ఆదివారం పొద్దున్నే ఏదైనా ఖాళీ స్కూలు పార్కింగ్ చూసి ఉంచు, అక్కడ వెనక్కి తీయడం సాధన చేద్దాం. ఈలోగా టైర్ల చివరి నాలుగంకెలూ, బాల్ మీదా కప్లర్ మీదా ఉన్న సైజులూ, మాన్యువల్లో ట్రైలర్ పేజీలూ ఫోటో తీసి పంపు. చాక్స్ రెండు జతలు కొను. ట్రైలర్ విప్పే ముందు చక్రాలకి అవి పెట్టాకే కప్లర్ ముట్టుకోవాలి. సామాను మాత్రం నేను వచ్చేదాకా సర్దకు, కలిసి సర్ది తూయించుకుని వద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య