బ్రేకు స్విచ్చిలోని లోపమును కనుగొనుట

కారు వేగముగా పోవుచుండగా బ్రేకును గట్టిగా తొక్కినచో చక్రములు తిరుగుట మాని నేలపై జారును. అట్లు జారునప్పుడు స్టీరింగు త్రిప్పినను బండి మళ్లదు. దీనిని నివారించుటకై, బ్రేకు ద్రవపు ఒత్తిడిని సెకనుకు పలుమార్లు తగ్గించి పెంచు ఏర్పాటు ఎ.బి.ఎస్. 1978లో జర్మనీలోని బాష్ సంస్థ దీనిని మెర్సిడెస్ కార్లకు సమకూర్చినది. మన దేశమున 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లకు ఇది తప్పనిసరి.

ప్రతి చక్రముకడ నుండు సెన్సారు ఒక నియంత్రణ పెట్టెకు వేగమును తెలుపుచుండును. డ్రైవరు బ్రేకు తొక్కెనా లేదా యను సంగతి మాత్రము పెడలు కడనున్న చిన్న స్విచ్చి తెలుపును. చాల కార్లలో వెనుకనున్న ఎర్రదీపములను వెలిగించునదియు అదియే. స్విచ్చి వెల స్వల్పము; పెట్టె వెల మిక్కిలి హెచ్చు. స్విచ్చి చెడినను ఎ.బి.ఎస్. హెచ్చరిక దీపము వెలుగవచ్చును. కనుక పెట్టెను మార్చుటకు ముందే స్విచ్చిని పరీక్షింపవలెను.

కొందరు స్విచ్చిని ఊడదీసి మల్టీమీటరుతో నిరోధము కొలిచి, మీటరు కూయగానే బాగున్నదందురు. ఇది చాలదు. 21 వాట్ల బల్బులు రెండు 12 వోల్టులపై 3.5 ఆంపియర్లు తీసికొనును; అనగా వాని నిరోధము రమారమి 3.4 ఓములు. స్విచ్చి మొనలు కాలి, మసిపట్టి, 1 ఓము నిరోధము చేరెననుకొనుడు. మీటరు కూయుచునే యుండును. కాని దీపములు వెలుగునప్పుడు రెండున్నర వోల్టులకు పైగా స్విచ్చిలోనే నశించును. మీరు తరగతిలో నేర్చిన ఓము నియమమే ఇది!

కావున స్విచ్చిని ఊడదీయక, బండిని సమతలమున నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, మీటరును వోల్టులపై నుంచి, దాని రెండు ముల్లులను దీపముల స్విచ్చి రెండు కొనలకు తాకింపుడు. పెడలు తొక్కనప్పుడు 12 వోల్టులు, తొక్కినప్పుడు దాదాపు సున్న కనబడవలెను. తొక్కినను 12 తగ్గనిచో స్విచ్చి కలియుట లేదు. ఎప్పుడును సున్నయై దీపములు ఆరియే యున్నచో ఫ్యూజునో, తీగనో, బల్బులనో చూడవలెను. ఎప్పుడును సున్నయై దీపములు ఆరకున్నచో స్విచ్చి అంటుకొనిపోయినది. తొక్కినప్పుడు ఒకటి రెండు వోల్టులు నిలిచినచో మొనలు చెడినవి.

పెక్కు కార్లలో ఈ స్విచ్చియందు రెండు జతల మొనలు కలవు. తొక్కగనే ఒక జత కలియును, రెండవది విడును. రెండింటి మాటయు పొసగనప్పుడు పెట్టె లోపమని గ్రహించును. అందుచే పెడలును మెల్లగా తొక్కుచు, తీగలను కొంచెము కదలించుచు మీటరును గమనింపవలెను. గతుకుల బాటలో మాత్రమే కనబడు లోపము అప్పుడు బయటపడవచ్చును. అయస్కాంతముతో పనిచేయు కొత్తరకపు స్విచ్చికి ఈ పరీక్ష పనికిరాదు. దానికి ఆ కారు మాన్యువలే శరణ్యము.

హెచ్చరిక దీపము వెలిగినను సాధారణముగా మామూలు బ్రేకు పనిచేయుచునే యుండును. అందుచే పలువురు దానిని ఉపేక్షింతురు. వెనుకటి ఎర్రదీపములు వెలుగకపోవుట డ్రైవరుకు కనబడదు. వెనుక వచ్చు లారీవానికి కనబడవలసినది అదియే.