కేశ సంరక్షణము - కేశవ సమర్పణము

శ్రీ విష్ణు సహస్రనామములలో 23వ నామము కేశవ నామము. పెద్దలు ఈ నామమునకు పెక్కు విధముల అర్థము చెప్పియున్నారు. బ్రహ్మరుద్రులకు ప్రభువని కొందరు, కేశి యను రాక్షసుని సంహరించినవాడని కొందరు వ్యాఖ్యానించిరి. శ్రీ పరాశర భట్టరు తమ భగవద్గుణదర్పణమున, ప్రశస్తములైన కేశములు గలవాడను అర్థమును ఆదరించి స్వామి దివ్యసౌందర్యమును చూపిరి. ద్వాదశ నామములతో ఊర్ధ్వపుండ్రములు ధరించు శ్రీవైష్ణవుడు మొట్టమొదట నుదుట తిరుమణి నుంచునప్పుడు స్మరించునది ఈ నామమునే.

అట్టి కేశవుని కొండకు నిత్యము వేలాది భక్తులు వచ్చి తలనీలాలు సమర్పించుచున్నారు. ఏండ్ల తరబడి నూనె రాచి, తలంటి, చిక్కుదీసి, జడవైచి పెంచుకొన్న జుట్టును కల్యాణకట్టలో కొన్ని నిమిషములలో విడిచిపెట్టుచున్నారు. ఇచట సందేహ మొకటి పొడసూపును. విడువదగిన దానిని పెంచుట యేల? పెంచదగిన దానిని విడుచుట యేల? జుట్టు కేవలము మలమైనచో దానిని సమర్పించుటలో త్యాగమేమున్నది? అది ఐశ్వర్యమైనచో దానిని కోల్పోవుట నష్టము కాదా? ఈ సందేహము జుట్టును గూర్చి పుట్టినను, విచారించినచో సమస్త దేహమునకును వర్తించునది.

శాస్త్రదృష్టి

ఆయుర్వేదము కేశములను అస్థిధాతువు నుండి పుట్టు మలముగా గణించినది. ఈ మాటలో నింద లేదు. లోపలి ధాతువుల స్థితిని వెలుపలికి తెలుపు గుర్తు అది యని భావము. ధాతువులు పుష్టిగా నున్నచో జుట్టు నల్లగా, మెత్తగా, గట్టి మొదళ్ళతో నుండును. ధాతువులు క్షీణించినచో ఎంత నూనె రాచినను నిలువదు.

చరకసంహిత సూత్రస్థానమున అయిదవ అధ్యాయము, నిత్యము శిరస్సునకు తైలము పూసికొనువానికి తలనొప్పి రాదనియు, బట్టతల, నెరయుట, జుట్టు రాలుట కలుగవనియు, సుఖనిద్ర పట్టుననియు చెప్పుచున్నది. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున దినచర్యకు ప్రత్యేకముగా నొక అధ్యాయమునే కేటాయించెను. అభ్యంగము నిత్యము చేయదగినదనియు, శిరస్సు, చెవులు, పాదములు అను మూడు స్థానములను విశేషముగా పాటింపవలెననియు అతని విధి. అభ్యంగము ముదిమిని, శ్రమను, వాతమును పోగొట్టునని ఫలము చెప్పెను. కఫము హెచ్చినవారికి, అజీర్ణముతో నున్నవారికి అభ్యంగము తగదని నిషేధమును కూడ చేర్చెను. వేడినీటి విషయమున అతడు చేసిన హెచ్చరిక నేటి గృహములకు మిక్కిలి అవసరము. మెడకు దిగువ పోసికొన్న వేడినీరు బలము నిచ్చును, ఆ వేడినీరే తలపై పోసికొన్నచో కేశములకును, కన్నులకును చెరుపు చేయును. కావున తలకు గోరువెచ్చని నీరే తగినది.

తలంటు విధానము

తెలుగు లోగిళ్ళలో ఈ శాస్త్రము గ్రంథములు చదువని తల్లుల చేతులలో నిలిచినది. భోగి, ఉగాది, నరక చతుర్దశి నాడు తెల్లవారక ముందే పిల్లలను పీటపై కూర్చుండబెట్టి, మాడున నూనె యుంచి, దీవించి తలంటుట మన ఆచారము. పర్వదినములు గాక, పురుషులకు శనివారము తైలాభ్యంగమునకు మంచిదని పెద్దల మాట.

నువ్వుల నూనెను కొంచెము వెచ్చజేసి, వ్రేళ్ల కొసలతో మాడునకు, కుదుళ్ళకు మెల్లగా పట్టింపవలెను. గోళ్ళతో గీకరాదు. కుంకుడు కాయలను చితుకగొట్టి, గింజలు తీసివేసి, వేడినీట నానబెట్టి, పిసికి, వడగట్టిన రసము జిడ్డును చక్కగా వదలించును. శీకాయ పొడి అంతకంటె మృదువైనది. రెండింటిలోను సహజముగా నురుగు నిచ్చు పదార్థము కలదు. కుంకుడు రసము కంట పడినచో మంట పుట్టించును గనుక పసివారి విషయమున జాగ్రత్త వహింపవలెను. మందార ఆకు, నానబెట్టి నూరిన మెంతులు జుట్టునకు మెత్తదనము నిచ్చును. గుంటగలగర, ఉసిరిక చేర్చి కాచిన తైలములు పూర్వము నుండి వాడుకలో నున్నవి. కొబ్బరి నూనె వెండ్రుక లోనికి ఇంకి, కడుగునపుడు అందలి మాంసకృత్తులు పోకుండ కొంతవరకు కాపాడునని ఆధునికుల పరిశోధనయు తెలుపుచున్నది. తడి తలను బలముగా దువ్వరాదు. పొడి వస్త్రముతో అద్ది, నీడన ఆరనిచ్చి, చిక్కును కొసల నుండి పైకి తీయవలెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని తైలము చేయలేని పనులను తైలమున కంటగట్టరాదు. వంశానుగతముగా వచ్చు బట్టతలను ఏ నూనెయు మాన్పజాలదు. నెలకొక జానెడు జుట్టు పెరుగునని చెప్పు ప్రకటనలు నమ్మదగినవి కావు. తలవెండ్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు మాత్రమే పెరుగును. రోజునకు 50 నుండి 100 వెండ్రుకల వరకు రాలుట సహజము. తీవ్రమైన జ్వరము, ప్రసవము, శస్త్రచికిత్స జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు విశేషముగా రాలుట కలదు. అది చాలమందికి క్రమముగా మరల మొలచును. గుండ్రముగా మచ్చలు పడి రాలినను, విడువక రాలుచున్నను వైద్యుని చూడవలెను. రక్తహీనత, గళగ్రంథి లోపము వంటివి అందుకు కారణములు కావచ్చును.

ఆహారము - మనస్సు

మూలమున నీరు పోయక ఆకులను తడిపిన ఫలమేమి? పప్పు, నువ్వులు, మునగాకు, తోటకూర, పాలు, పెరుగు దేహమునకు పుష్టినిచ్చి, ఆ పుష్టిలో కేశములకును భాగ మిచ్చును. ఆకుకూరలలోని ఇనుము వంటబట్టుటకు ఉసిరికలోని పులుపు సాయపడును. శ్రీవైష్ణవ గృహములలో ఏకాదశి ఉపవాసము పిమ్మట ద్వాదశి పారణలో అవిసాకును, ఉసిరికను వాడు సంప్రదాయము కలదు. ఉపవాసముచే అలసిన దేహమునకు పెద్దలు ఏర్పరచిన మేలైన విందు అది. అయితే శక్తికి మించిన ఉపవాసము, నిద్ర మానుట వ్రతము కాజాలవు. మిక్కిలి తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, నిద్రయే లేనివానికిని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున సెలవిచ్చియున్నాడు.

అకాలమున జుట్టు నెరయుటకు సుశ్రుతుడు చెప్పిన కారణము గమనింపదగినది. క్రోధము చేతను, శోకము చేతను, శ్రమ చేతను పుట్టిన దేహోష్ణము పిత్తముతో గూడి శిరస్సున చేరి వెండ్రుకలను పండించునట. నెరసిన ప్రతి తలయు కోపిష్ఠి తల యని దీని యర్థము కాదు. వయస్సు, వంశము కూడ తమ పని తాము చేయును. అయినను వైద్యగ్రంథకర్త వెండ్రుక వ్యాధికి నిదానము చెప్పుచు కోపమును, దుఃఖమును పేర్కొనుటలో గొప్ప సూచన యున్నది. తలకు తైలము, మనస్సునకు శాంతి వేర్వేరు చికిత్సలు కావు. ఉదయమున తలంటుకొని, పగలెల్ల ఇంటివారిపై మండిపడువాని అభ్యంగము సగమే యైనది.

శ్రీరాముని అభ్యంగము

దేహమును ఎట్లు చూచుకొనవలెనో శ్రీరామాయణము కన్నులకు గట్టునట్లు చూపినది. పితృవాక్య పరిపాలనకై అడవికేగు రాఘవుడు గంగాతటమున మర్రిపాలు తెప్పించి తన కేశములను జడలు గట్టుకొనెను. నాటి వరకు రాజమందిరమున సుగంధతైలములతో పెంపబడిన శిరస్సది. అక్కడ ఆయన సంకోచింపలేదు.

పదునాలుగేండ్లు గడచెను. రావణ సంహారమైన పిమ్మట విభీషణుడు స్నానద్రవ్యములు, అంగరాగములు, వస్త్రాభరణములు సిద్ధపరచి మంగళస్నానము చేయుమని వేడెను. అలసిన దేహమునకు అంతకంటె కావలసిన దేమున్నది? కాని శ్రీరాముడు అంగీకరింపలేదు. సుగ్రీవాదులకు స్నానము చేయింపుమని చెప్పి, తనకై భరతుడు క్లేశపడుచుండగా స్నానమును, అలంకారమును తనకు ప్రియములు కావనెను. అయోధ్య చేరిన తరువాత కూడ భరతుడు, లక్ష్మణుడు, సుగ్రీవుడు, విభీషణుడు ముందు స్నానము చేసిన పిదపనే తాను జడలు విప్పించుకొని స్నానమాడి అలంకరించుకొనెను.

ఇందలి ధర్మసూక్ష్మము గ్రహింపవలెను. శ్రీరాముడు అభ్యంగమును నిందింపలేదు. అలంకారమును పాపమనలేదు. వేళ వచ్చినప్పుడు సంతోషముతో స్వీకరించెను. అయితే తన సుఖమునకంటె తనవాడైన భరతుని కష్టము ముందు తోచినది. జడలు గట్టుటయు ధర్మము కొరకే, విప్పుటయు ధర్మము కొరకే. ఇంటనొకరు జ్వరముతో మూలుగుచుండగా గడియల కొలది అద్దము ముందు నిలుచువారు ఈ ఘట్టమును ఒక్కమారు స్మరించుట మేలు.

పుష్పమంటపము

గోదాదేవి తిరుప్పావై వ్రతమున ఇదియే క్రమము కలదు. రెండవ పాశురమున గోపికలు నేయి, పాలు మాని, కాటుక పెట్టక, కొప్పున పూలు ముడువక వ్రతము పట్టిరి. ఇరువది యేడవ పాశురమున స్వామి యనుగ్రహము లభింపగా ఆభరణములు, నూతన వస్త్రములు ధరించి, నేయి పొంగిపొరలు పరమాన్నమును ఆయనతో గూడి భుజింప కోరిరి. స్వామికై విడిచినది స్వామితో గూడి తిరిగి వచ్చినది. ఆ తల్లి తాను ముడిచి విడిచిన మాలనే రంగనాథుడు ప్రీతితో స్వీకరించెను. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కావ్యమునకు ఆ పేరు కలిగినది అందువలననే.

శ్రీవైష్ణవులు తిరుమలను పుష్పమంటపమని వ్యవహరింతురు. ఆ కొండపై పూచిన ప్రతి పువ్వును శ్రీనివాసునికే యని భావించి, భక్తురాండ్రు అచట జడలో పూలు తురుముకొనరు. ఇంటిలో మంగళకరమైన అలంకారమే కొండపై స్వామి సొత్తగుచున్నది. శుక్రవారము నాడు మూలమూర్తికి అభిషేకము జరుగును. మన శిరఃస్నానమునకు ముందు స్వామి తిరుమంజనమును తలచుకొన్నచో ఆ స్నానమును సేవయే యగును.

తలనీలాలు

తలనీలాలను గూర్చి భక్తలోకమున ఒక ఐతిహ్యము ప్రసిద్ధము. శ్రీనివాసుని శిరస్సునకు దెబ్బ తగిలి, కొంత మేర కేశములు పోయినట్లును, నీలాదేవి అది చూచి సహింపలేక తన కేశములనే తీసి సమర్పించినట్లును, స్వామి ఆమె త్యాగమునకు మెచ్చి, భక్తులు సమర్పించు కేశములు ఆమెకు చెందునని వరమిచ్చినట్లును చెప్పుదురు. ఏడుకొండలలో నీలాద్రి ఆమె పేరుననే వెలసినది.

ఈ కథలో నీలాదేవి ఇచ్చినది తనకు పనికిరాని వస్తువు కాదు. తాను ప్రీతితో పెంచుకొన్నదానినే ఇచ్చినది. చక్కగా కాపాడినందువలననే అది ఈయదగినదైనది. పూజకు తెచ్చు పువ్వును వాడనీయక తెచ్చినట్లు, సమర్పణకు దేహమును శుభ్రముగా, ఆరోగ్యముగా నుంచుకొనవలెను. మొదట వేసిన ప్రశ్నకు ఇదియే సమాధానము. దేహము మనది కాదు. జీవుడు శేషభూతుడు, భగవానుడు శేషి. యజమాని సొత్తును కాపాడు నమ్మకమైన సేవకుడు దానిని పాడుచేయడు, అడిగినప్పుడు దాచుకొనడు.

గుండు చేయించినచో జుట్టు ఒత్తుగా వచ్చునను నమ్మకము కొందరి యందు కలదు. వెండ్రుక కుదురు చర్మము క్రింద నుండును గనుక క్షురకర్మ దానిని మార్పజాలదు. ఫలాపేక్షతో ఇచ్చినది బేరమగును. భక్తితో ఇచ్చినది సమర్పణ మగును. కల్యాణకట్టలో ఈ సేవకు రుసుము లేదు. ధనికుడైనను, కూలివాడైనను ఒకే వరుసలో కూర్చుండును. క్షురకర్మ ముగిసి స్నానము చేసి, చల్లని గంధము తలకు పూసికొని బయటికి వచ్చినప్పుడు ఎవరు ఎవరో గుర్తింపరాదు. ఆ సమత్వమే ఆ క్షేత్రమున లభించు ప్రథమ ప్రసాదము. పసివారికి గంధము పూసి, ఎండ తగులకుండ పలుచని వస్త్రము కప్పుట మరువరాదు. పూర్తిగా సమర్పింపజాలని స్త్రీలు మూడు కత్తెరలు ఇచ్చు వాడుకయు కలదు.

ఇక రోగము చేత, తీవ్రమైన చికిత్సల చేత జుట్టు కోల్పోయినవారు, ముఖ్యముగా స్త్రీలు, నలుగురిలోనికి వచ్చుటకు వెనుదీయుచుందురు. స్వామికి ఈయ తమ వద్ద ఏమియు లేదని బాధపడువారును కలరు. అట్టివారు చింతింప పనిలేదు. కోరి ఇచ్చిన దానిని స్వీకరించు స్వామి, కోరకయే పోయినదానిని మనస్సున తన పాదములకడ నుంచినచో స్వీకరింపకుండునా? అట్టివారిని వింతగా చూడక, ఆదరముతో పలుకరించుట ఇరుగుపొరుగువారి ధర్మము. భరతుని విడిచి స్నానమాడనొల్లని శ్రీరాముని భక్తులకు ఇది వేరుగా చెప్పవలసిన పనిలేదు.

కావున గృహస్థులు తలకు నూనె రాచునపుడు కేశవ నామమును స్మరింతురు గాక. మితమైన ఆహారముతో, సకాల నిద్రతో, కోపము లేని మాటతో దేహమును కాపాడుకొందురు గాక. కొండకు వచ్చినప్పుడు ఉన్నదానిని సంతోషముతో సమర్పించి, తేలికపడిన శిరస్సుతో ఆనందనిలయుని పాదములకు మ్రొక్కుదురు గాక. శ్రీ వేంకటేశ్వరుడు సర్వులకును ఆరోగ్యమును, ఆరోగ్యమునకు తగిన భక్తిని అనుగ్రహించు గాక.