ఒకే కాగితం మీద నాలుగు సైజులు

మిషను తొక్కడం వచ్చిన అక్కలు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు. కుట్టు తిన్నగా వేస్తారు. కాజాలు, హుక్కులు చక్కగా కుడతారు. కానీ కత్తెర పట్టుకోమంటే వెనకాడతారు. "కటింగ్ మాత్రం వేరే వాళ్ళ దగ్గర చేయించుకుంటాను" అంటారు.

ఆ భయం ఊరికే రాలేదు. చీరతో వచ్చే జాకెట్టు గుడ్డ ఒక్కటే ఉంటుంది. అది పాడైతే అదే రంగు, అదే నేత బజారులో దొరకదు. కుట్టు తప్పుపోతే విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. కత్తెర తప్పుపోతే ఏం చేస్తాం? గుడ్డ పోయె, కూలి పోయె. గుడ్డ ఇచ్చినామె మళ్ళీ మన గడప తొక్కదు.

అందుకే ముందు కాగితం కత్తిరించుకుంటారు. దాన్ని గుడ్డ మీద పెట్టి, సుద్దతో గీసి, అప్పుడు గుడ్డ కోస్తారు. దీన్నే పేపరు కటింగ్ అంటారు. ప్యాటర్న్ అని కూడా అంటారు. కొన్ని ప్యాటర్న్‌లలో ఒకే కాగితం మీద 32, 34, 36, 38 అని నాలుగు సైజుల గీతలు ఉంటాయి. ఇలా సైజుల వారీగా కాగితాలు తయారుచేసి అమ్మే పని 1863లో అమెరికాలో బటరిక్ అనే దర్జీ మొదలుపెట్టాడు.

మొదటిసారి ఆ కాగితం చూస్తే కళ్ళు తిరుగుతాయి. గీత పక్కన గీత, దాని పక్కన ఇంకో గీత! కంగారు పడొద్దు. ఒక సైజుకు నిండు గీత ఉంటుంది. ఒకదానికి ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఇంకోదానికి చుక్కలు ఉంటాయి. ఏ గీత ఏ సైజుదో కాగితం మీదే ఒక పక్కన రాసి ఉంటుంది. అది చదవండి. మీకు ఇప్పుడు చదవడం వచ్చు కదా!

మరి మన గీత ఏది? టేపుతో కొలవాలి. చాతీ ఎత్తుగా ఉన్న చోట చుట్టూ టేపు తిప్పండి. వీపు మీద టేపు కిందికి జారకూడదు. బిగించి లాగకూడదు. ఇంకో మాట. గుడ్డ టేపు పాతదైతే సాగుతుంది. స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోండి. "నేను షాపులో 36 కొంటాను, నాది 36 గీతే" అనుకోవద్దు. రెడీమేడ్ వాళ్ళ నెంబరు వేరు, మీ ఒంటి కొలత వేరు.

ఇప్పుడు చిన్న లెక్క. జాకెట్టు వెనక భాగాన్ని గుడ్డ మడతపెట్టి కోస్తాం. అంటే కాగితం మీద ఉండేది చాతీలో నాలుగో వంతు. 32కి 8 అంగుళాలు. 34కి 8½. 36కి 9. 38కి 9½. లూజుకు, కుట్టుకు వదిలేది దీనికి అదనం. సైజుకూ సైజుకూ తేడా 2 అంగుళాలు. అందులో నాలుగో వంతు అర అంగుళం. చంక కింద గీతల మధ్య ఉండే దూరం అదే. టేపు పెట్టి చూడండి.

మెడ దగ్గరికి వెళ్ళి చూస్తే గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. మా కేంద్రంలో ఒక అక్క అడిగింది. "టీచరమ్మా, ఇన్ని గీతలు ఎందుకు? చిన్న సైజు కాగితం పెట్టి చుట్టూ అర అంగుళం పెంచి కోస్తే పోదా?"

మంచి ప్రశ్న. చాలామంది చేసేది అదే. "అక్కా, మనిషి ఒళ్ళు చేస్తే ఏమేం పెరుగుతాయి?" అని అడిగాను.

"చాతీ, నడుము, చేతులు."

"భుజం ఎముక?"

"అదెక్కడ పెరుగుద్ది!" అని నవ్వింది.

పెరగదు కాబట్టే భుజం గీతలు కొంచెమే జరుగుతాయి. అన్ని వైపులా ఒకేలా పెంచితే చాతీ సరిపోతుంది, భుజం మాత్రం జారిపోతుంది. ఎక్కడ ఎంత పెంచాలో ఆ కాగితం ముందే లెక్కకట్టి పెట్టింది. నా మటుకు నాకు, దాని విలువంతా అక్కడే ఉంది.

అందరి ఒళ్ళూ ఒకే గీతలో ఇమడదు. ఒకామెకు చాతీ 36 గీతకు వస్తుంది, నడుము 34 గీతకు వస్తుంది. అప్పుడు చంక దగ్గర 36 గీత పట్టుకోండి. కిందికి వచ్చేకొద్దీ మెల్లగా 34 గీతలోకి దిగండి. మెలిక లేకుండా పెన్సిలుతో ఏటవాలుగా గీయండి. ముందు భాగానికి ఎలా గీస్తే వెనక భాగానికీ అలాగే గీయాలి. లేకపోతే పక్క కుట్లు కలవవు. చంక 36 గీత అయితే చెయ్యి కూడా 36 గీతే.

కాగితాన్ని మాత్రం కోయొద్దు. 32 గీత మీద కోస్తే మిగతా మూడు సైజులూ చెత్తబుట్టలోకి పోతాయి. కింద బ్రౌను పేపరు పరిచి, మధ్యలో కార్బన్ పేపరు పెట్టి, మీ గీత మీద పెన్సిలు నడపండి. దించుకున్న కాగితం మీద సైజు, ముందా వెనకా, ఎవరిదో రాయండి. బాణం గుర్తు ఉంటే అదీ దించుకోండి. ఆ బాణం పడుగు దారి వెంట ఉండాలి. నేతవాళ్ళ ఇంటి ఆడపిల్లలకు ఈ మాట చెప్పక్కర్లేదు.

ఇక డబ్బులు పోయే చోటు ఒకటుంది. కుట్టుకు వదిలే గుడ్డ కాగితంలో కలిసి ఉందా, లేదా? కొన్నింటిలో కలిసి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కాగితం మీద రాసి ఉంటుంది. ఇది చూడకుండా కోస్తే ఏమవుతుందో చూడండి. జాకెట్టుకు రెండు పక్కలా కుట్లు. ఒక్కో కుట్టుకు రెండు అంచులు. మొత్తం నాలుగు అంచులు. ఒక్కో అంచుకు అర అంగుళం అంటే రెండు అంగుళాలు. వదలడం మరిచిపోతే 36 జాకెట్టు 34 అవుతుంది. కలిసి ఉన్నదానికి మళ్ళీ వదిలితే 38 అవుతుంది! మన దర్జీలు పక్కన ఇంకో అంగుళం ఎక్కువే వదులుతారు. ఒళ్ళు వస్తే కుట్టు విప్పుకోవడానికి. అది మంచి అలవాటు, కాకపోతే లెక్క తెలిసి వదలాలి.

ఈమధ్య సెల్ ఫోనులో వచ్చిన ప్యాటర్న్‌ను జిరాక్సు షాపులో ప్రింటు తీయిస్తున్నారు. షాపులో కాగితానికి సరిపోయేలా బొమ్మను కొంచెం కుదిస్తే సైజంతా తగ్గిపోతుంది. అందుకే చాలా ప్యాటర్న్‌ల మీద ఒక చిన్న చదరం గీసి, దాని కొలత రాసి పెడతారు. ఒక అంగుళం అని రాసి ఉంటే టేపుకు కూడా ఒక అంగుళమే రావాలి. రాకపోతే ఆ ప్రింటు పనికిరాదు.

తెలంగాణలో 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. అలాంటి పనికి ఈ కాగితాలు బాగా పనికొస్తాయి. తరగతి చూసి సైజు అనుకోవద్దు. ఐదో తరగతిలో బక్క పిల్ల ఉంటుంది, బొద్దు పిల్ల ఉంటుంది. కొలిచి, పేరు ఎదురుగా సైజు రాసుకోండి.

మొదటి జాకెట్టు పాత చీర ముక్కతో కుట్టి తొడిగి చూడండి. ఎక్కడ పట్టిందో, ఎక్కడ వదులైందో కాగితం మీద దిద్దుకోండి. తర్వాతే కొత్త గుడ్డ.

లెక్క చేయండి:

ఒకామె చాతీ 37 అంగుళాలు. ఏ రెండు గీతల మధ్య కొత్త గీత గీయాలి? చంక కింద ఆ గీత 36 గీతకు ఎంత దూరంలో ఉండాలి?